రంగం వలస: సంప్రదాయం ఎవరిది?

పరాయిదేశం పోయిన మనిషి పడే కష్టాలను గురించి మాట్లాడేటప్పుడు మనవాళ్ళు సాధారణంగా ‘సంస్కృతుల సంఘర్షణ’ అనే మాట వాడుతుంటారు. వెళ్ళినవాడికి ఒక ఆచారం వుంటుంది, వెళ్ళిన దేశానికి మరొక ఆచారం వుంటుంది. రెండూ ఒకచోట తారసపడేసరికి రాపిడి పుడుతుంది. ఆ రాపిడిలోనుంచి అపార్థాలూ, ద్వేషాలూ, ఒక్కొక్కప్పుడు నెత్తురూ వస్తాయి. ఇదీ ఆ సిద్ధాంతం. వినడానికి చాలా సహజంగా వుంటుంది. నూనే నీళ్ళూ కలవనట్లు రెండు ఆచారాలు కలవలేదట. ఇందులో ఎవరి తప్పూ లేదట. తప్పు ఎవరి మీదా పడకపోవడమే యీ సిద్ధాంతానికున్న ఆకర్షణ అని నేననుకుంటాను.

దీన్ని ఒక చారిత్రక సందర్భంలో పెట్టి పరీక్షించి చూడడమే యీ వ్యాసం ఉద్దేశం. ఆ సందర్భం మనకు పరాయిది కాదు. తెలుగు కూలీలు బర్మాకు పోయిన వలస. మన ఉత్తరాంధ్ర పల్లెల్లో రంగూనుకు ‘రంగం’ అని పేరు. “రంగం వెళ్ళిపోయాడు” అంటే దేశాంతరం పోయాడని అర్థం. నేను చరిత్రశాఖకు చెందినవాణ్ణి కాను. తెలుగు సాహిత్యం చదువుకొని, కళాశాలలో ఆ పాఠాలే చెప్పుకుంటున్నవాణ్ణి. మన సాహిత్యంలోని ఒక వెలితి నన్ను యీ విషయం మీదికి లాగింది. నాటకరంగం మీద ‘రంగూన్ రౌడీ’ పేరు ఎన్నో యేళ్ళు మోగింది. రంగూన్ రేవులో బియ్యపు బస్తా మోసినవాడు మాత్రం మన కథల్లోకీ కావ్యాల్లోకీ రావడం బహు అరుదు. వాడే రానప్పుడు, వాడి కోసం యిక్కడ ఎదురుచూసిన ఆడదీ, అక్కడ వాడితో కాపురం చేసిన ఆడదీ ఎలా వస్తారు?

పొట్ట చేతపట్టుకొని

1852లో దిగువ బర్మా ఆంగ్లేయుల వశమైంది. 1869లో సూయజ్ కాలువ తెరుచుకున్నది. ఐరావతీ నది డెల్టాలో అడవులు నరికి వరి వేశారు. 1850ల్లో 10 లక్షల ఎకరాలకు లోపుగా వున్న వరిసాగు 1930ల నాటికి 80 లక్షల ఎకరాలు దాటింది. ఆ ధాన్యాన్ని ఆడించే మిల్లులకూ, ఆ బియ్యాన్ని ఓడలకెక్కించే రేవులకూ చవక కూలీలు కావలసివచ్చారు. అటు డెల్టాలో భూమి దొరుకుతున్న బర్మా రైతు మిల్లు కూలికి రాలేదు. ఇటు గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల్లో జమీందారీ శిస్తులూ, కరువులూ కలిసి కూలివాడి నడుం విరగ్గొట్టాయి. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం, గోపాలపురం రేవుల్లో బ్రిటిష్ ఇండియా స్టీం నావిగేషన్ కంపెనీ ఓడలు లంగరు వేసేవి. డెక్కు మీద చోటు చాలు; నాలుగురోజుల్లో రంగం.

సముద్రం దాటితే కులం చెడుతుందన్న శాస్త్రం వీళ్ళను ఆపలేదు. ఆ శాస్త్రం అన్నం వున్నవాళ్ళది. మొదటి మాటగా యీ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

మారిషస్‌కూ, నేటాలుకూ పోయినట్లు వీళ్ళు ఐదేళ్ళ ఒప్పందాల మీద పోలేదు. మేస్త్రీ వచ్చి బయానా యిచ్చి తీసుకుపోయేవాడు. ఓడఖర్చు మేస్త్రీ పెట్టేవాడు, బాకీ కూలివాడి తల మీద వుండేది. అక్కడ పని చూపించేదీ, కూలి చేతికిచ్చేదీ, అందులో తన వాటా ముందే కోసుకునేదీ ఆ మేస్త్రీయే. మునిసిపాలిటీ పాకీపనిలోకి మన దళితకులాలవాళ్ళనే దించారు. కులం దానంతటదే సముద్రం దాటిందని అనడానికి వీల్లేదు. పని పంచినవాళ్ళు దాన్ని దాటించారు.

1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు 10 లక్షల పైచిలుకు. రంగూను నగరంలో ఉన్న 4 లక్షల మందిలో 2 లక్షల 12 వేల మంది భారతీయులే. అంటే సొంత దేశపు ముఖ్యపట్టణంలో బర్మావాళ్ళు అల్పసంఖ్యాకులు. తెలుగు కూలీల్లో ఆడవాళ్ళు బహు కొద్దిమంది. దీనికి కారణం మన స్త్రీల సముద్రభయం కాదు. మిల్లు యజమానీ, రేవు కంట్రాక్టరూ యిచ్చింది ఒంటిమనిషి కూలి. చూపించిన నీడ పదులకొద్దీ మగవాళ్ళు పక్కపక్కన పడుకునే గది. ఆ కూలి మీదా, ఆ గదిలోనూ సంసారం సాధ్యం కాదు. భార్య ఊళ్ళో, భర్త రంగంలో, మధ్య మనియార్డరు. ఈ యేర్పాటును మన ఆచారమూ కోరలేదు, బర్మా ఆచారమూ కోరలేదు.

ఆచారాలు అంత దూరమా?

రెండు ఆచారాలు కలవలేదంటున్నారు గదా, అసలవి ఎంత దూరంలో వున్నాయో కొలిచి చూద్దాం.

బర్మాలో ఆడది పెద్ద చుట్ట కాలుస్తుంది. దీన్ని చూసి తెల్లదొరలు ఆశ్చర్యపోయి పుస్తకాల్లో వ్రాసుకున్నారు. శ్రీకాకుళం కూలివాడు ఆశ్చర్యపోవలసిన పనిలేదు. నిప్పు వైపు నోట్లో పెట్టుకొని అడ్డపొగ పీల్చే అమ్మను చూస్తూ పెరిగినవాడు వాడు. బర్మావాడికి పులియబెట్టిన చేపల ముద్ద లేనిదే ముద్ద దిగదు. మన తీరప్రాంతపు పేదవాడికీ ఉప్పుచేప లేనిదే గంజి దిగదు. బర్మాలో బజారు నడిపేది ఆడవాళ్ళు. మన సంతల్లో చేపలూ కూరలూ తట్టలో పెట్టుకొని బేరం చేసేదీ ఆడవాళ్ళే. బర్మాలో పగోడా మెట్టెక్కేముందు చెప్పులు విడవాలి. మన కూలివాడికి ఒకరు చెప్పవలసిన అవసరం లేదు. బూట్లు విప్పమని మొండికేసినవాళ్ళు ఆంగ్లేయులు. 1916లో మొదలైన ఆ వివాదం 1919లో నిర్ణయాన్ని పగోడా పెద్దలకు వదిలేసేదాకా బర్మా జాతీయోద్యమానికి ఊపిరైంది.

అన్నిటికంటె ముఖ్యమైనది పెళ్ళి. బర్మా బౌద్ధుల్లో పెళ్ళికి పురోహితుడు లేడు. భిక్షువు పెళ్ళి చేయించడు. స్త్రీపురుషులు యిష్టపడి, నలుగురికీ తెలిసేట్లు కాపురం పెడితే అది పెళ్ళే. కాపురంలో సంపాదించినదాంట్లో భార్యకు హక్కుంది. యిష్టం లేకపోతే యిద్దరూ ఒప్పుకొని విడిపోవచ్చు, ఆస్తి పంచుకోవచ్చు. కొడుకుతోపాటు కూతురికీ వారసత్వం వుంది.

ఇది తెలుగు సంప్రదాయానికి పూర్తిగా విరుద్ధమని వెంటనే అంటారు. ఏ తెలుగు సంప్రదాయానికి? 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో వీరేశలింగంగారు మొదటి వితంతు వివాహం చేయించినప్పుడు ఆంధ్రదేశం అట్టుడికిపోయింది. మన సాహిత్యచరిత్రలో అదొక మహాఘట్టం. నేను ప్రతి యేడూ పాఠం చెబుతాను. అయితే ఆ సంవత్సరంలోనే, ఆ తీరాన్నే, ఓడలెక్కుతున్న కూలీల కులాల్లో చాలావాటిలో విధవకు మారుమనువు మామూలు ఆచారం. భర్తతో సరిపడకపోతే కులపెద్దల ముందు ఓలి తిరిగి యిచ్చి తెగతెంపులు చేసుకోవడమూ మామూలే. 1909లో అచ్చయిన థర్‌స్టన్ సంపుటాల్లో యీ మారుమనువుల ప్రసక్తి కులం తరువాత కులంలో కనిపిస్తుంది. చాలాచోట్ల మారుమనువుకు పురోహితుడూ లేడు, మంత్రమూ లేదు. అంటే శ్రీకాకుళం కూలివాడి పెళ్ళి ఆచారం అగ్రహారంలోని పెళ్ళికంటె బర్మా పల్లెలోని పెళ్ళికి దగ్గర.

అంతా ఒకటేనని నేననడం లేదు. ఆస్తి విషయంలో బర్మా స్త్రీకున్న హక్కు మన శ్రామిక స్త్రీకి లేదు. కులమన్నది బర్మాలో మనకున్నట్లు లేదు. భాష వేరు. కాని యీ తేడాలు ఒకరి గొంతు ఒకరు కోసుకునేంతటి తేడాలు కావు. మరి గొంతులు ఎందుకు తెగాయి?

1930: రేవులో

1930 మే నెలలో రంగూన్ రేవులోని తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. ఓడ సరుకు ఎత్తించే కంపెనీలు సమ్మెను విరగ్గొట్టడానికి బర్మా కూలీలను దింపాయి. డెల్టాలో కొత్త భూమి అప్పటికే అయిపోవచ్చింది. భూమి లేని బర్మా రైతు పట్నానికి చేరుతున్న కాలమది. వాళ్ళకూ పని కావలసివచ్చింది. తరువాత కంపెనీలు తెలుగు కూలీలతో రాజీపడి వాళ్ళను తిరిగి తీసుకున్నాయి. మే 26 ఉదయం ఎప్పటిలాగే పనికి వచ్చిన బర్మా కూలీలకు “మీకు పని లేదు” అన్నాయి. అక్కడ మొదలైన కొట్లాట నగరమంతా పాకి కొన్నిరోజులపాటు సాగింది. వందమందికి పైగా చచ్చిపోయారు. చచ్చినవాళ్ళలో అత్యధికులు తెలుగు కూలీలు.

ఈ కథలో ఆచారం ఎక్కడుంది? ఒక సమ్మె, సమ్మెను విరిచే ఎత్తుగడ, అవసరం తీరాక విసిరేసిన మనుషులు. రెండు జాతుల ఆకలిని ఒకదాని మీదికి ఒకటి ఉసిగొల్పినవాడు ఆ రోజు తన ఆఫీసులో భద్రంగా కూర్చున్నాడు. మరునాడు పత్రికల్లో అది “జాతుల కొట్లాట” అయింది.

వెంటనే వచ్చిన ఆర్థికమాంద్యం యీ గాయాన్ని మరింత కెలికింది. ధాన్యం ధర పడిపోయి, అప్పులు తీర్చలేక బర్మా రైతులు భూములు పోగొట్టుకున్నారు. దిగువ బర్మాలోని ప్రధాన వరి జిల్లాల్లో 1930లో నూటికి 6 వంతుల భూమి చెట్టియార్ల చేతిలో వుండేది. 1937 నాటికి అది నూటికి 25 వంతులైంది. బర్మాభాషలో భారతీయుణ్ణి ‘కలా’ అంటారు. భూమి మింగిన చెట్టియారూ కలాయే, బస్తా మోసిన తెలుగువాడూ కలాయే. ఆంగ్లేయుణ్ణి కూడా ఒకప్పుడు ‘తెల్ల కలా’ అనేవారట. కాని తెల్ల కలా తుపాకీ వెనక వున్నాడు. కోపం అందిన చోటునే దెబ్బ పడింది.

పెళ్ళి ప్రశ్న

1938 జూలైలో మళ్ళీ అల్లర్లు జరిగాయి. ఈసారి నిప్పు ఒక మతగ్రంథ వివాదం నుంచి పుట్టింది. ముస్లిములు ఎక్కువగా నష్టపోయారు. ప్రభుత్వం వేసిన విచారణ సంఘం బర్మా ప్రజల మనసుల్లో నలుగుతున్న బాధలను లెక్కపెట్టింది. అందులో ముఖ్యమైనది, బర్మా స్త్రీలకూ భారతీయులకూ జరుగుతున్న పెళ్ళిళ్ళ సమస్య.

ఈ సమస్య నిజమైనదే. దీన్ని బర్మా జాతీయవాదుల దురభిమానమని కొట్టిపారేసిన భారతీయ నాయకులతో నేను ఏకీభవించలేను. 1898 బర్మా చట్టాల శాసనం 13వ సెక్షను ప్రకారం పెళ్ళి, వారసత్వ విషయాల్లో కక్షిదారులు బౌద్ధులైతే బౌద్ధ ధర్మమూ, హిందువులైతే హిందూ ధర్మమూ, ముస్లిములైతే మహమ్మదీయ ధర్మమూ వర్తించాలి. ఒకరు బౌద్ధురాలు, ఒకరు హిందువు అయితే? అక్కడ పడింది పీటముడి. ముస్లిమును చేసుకోవాలంటే ఆమె మతం మారాలి. మారితే బౌద్ధ స్త్రీగా తనకున్న హక్కులు పోతాయి. హిందువుతో కాపురం చేస్తే హిందూ ధర్మశాస్త్రం దాన్ని పెళ్ళిగానే సాధారణంగా గుర్తించదు. పదేళ్ళు కాపురం చేసి, పిల్లల్ని కని, దుకాణంలో సమానంగా కష్టపడిన స్త్రీ అతడు చనిపోయిన నాడు కోర్టులో “ఉంచుకున్నది”. నలుగురి ముందు, తన ఆచారం ప్రకారం, ఆమె భార్య. అతని సోదరులు సముద్రం దాటి వచ్చి ఆస్తి లెక్క చూసుకునే రోజున ఆమె ఎవరూ కాదు. 1872 ప్రత్యేక వివాహ శాసనాన్ని 1923లో సవరించి హిందూ, బౌద్ధ, సిక్కు, జైనులు మతం వదులుకోకుండా ఒకరినొకరు పెళ్ళాడవచ్చునన్నారు. కాని అట్లా పెళ్ళాడిన హిందువు అవిభక్త కుటుంబం నుంచి విడిపోయినట్లే లెక్క. ఆస్తి గల కుటుంబం దాన్ని ఊరికే జరగనిస్తుందా?

కూలివాడి దగ్గర ఆస్తి లేదు. ఆస్తి తగాదా వర్తకుడి యింట, కంట్రాక్టరు యింట, మేస్త్రీ యింట పుట్టింది. కూలివాడు చేసిన అన్యాయం మరొక రకానిది. మూడేళ్ళ తరువాత ఓడెక్కి వచ్చేస్తే అక్కడి భార్యా, బిడ్డా ఏమయ్యారో అడిగేవాళ్ళు లేరు. ఇక్కడి భార్యకు మనియార్డరు ఎందుకు చిక్కిపోయిందో చెప్పేవాళ్ళూ లేరు. ఒంటిమనిషి కూలిని యిద్దరు ఆడవాళ్ళ మధ్య చీల్చిన ఆ లెక్కలో నష్టం ముందు స్త్రీలకే పడింది. ఆ కూలివాడు దోపిడీకి గురైనవాడన్న నిజం యీ నిజాన్ని చెరిపివేయదు. రెండూ కలిపి చెప్పగలిగినప్పుడే మనది అభ్యుదయ దృష్టి అవుతుంది.

శాస్త్రం ఎవరి సంప్రదాయం?

ఇప్పుడు అసలు ప్రశ్న. బర్మా స్త్రీని “భార్య కాదు” అన్న ఆ హిందూ ధర్మశాస్త్రం ఎవరిది? మారుమనువులూ, తెగతెంపులూ ఎరిగిన తెలుగు శ్రామిక కులాలదా? కాదు. అది సంస్కృత స్మృతుల్లోనుంచి ఏరి, పండితుల్ని అడిగి, ఆంగ్ల న్యాయమూర్తులు అచ్చులోకి పోసిన ధర్మం. ఊరి కులపెద్దల తీర్పును అది సాధారణంగా ఆధారంగా తీసుకోలేదు. 1868లో రామనాథపురం జమీందారీ కేసులో ప్రీవీ కౌన్సిల్ ఒక మాటన్నది నిజమే: ఆచారం స్పష్టంగా రుజువైతే శాస్త్రవాక్యం కంటె అదే బలవత్తరమని. రుజువు చెయ్యాలి! సాక్షులు కావాలి, వకీలు కావాలి, డబ్బు కావాలి. కళింగపట్నం అవతల పల్లెలోని కులపెద్దను రంగూన్ కోర్టు బోనులోకి తెచ్చే స్తోమత ఏ కూలివాడికుంది? కూలివాడితో కాపురం చేసిన బర్మా ఆడదానికి అసలే లేదు. రుజువు కానిచోట శాస్త్రమే శాసించింది.

చూడండి, యిదెంత విచిత్రమో! రాజమహేంద్రవరంలో ఏ శాస్త్రం కోరలు పీకాలని మన సంస్కర్తలు జీవితాలు ధారపోశారో, ఆ శాస్త్రాన్నే సముద్రం అవతల, అదెన్నడూ ఎరగని జనం నెత్తిన ‘మీ సంప్రదాయం’ అని పెట్టారు. కొంతకాలానికి ఆ జనమూ నమ్మారు. కాస్త డబ్బు చేసినవాడు ముందుగా నమ్మాడు. ఎందుకంటే ఆ నమ్మకం వాడి ఆస్తిని బర్మా భార్య నుంచి కాపాడుతుంది. పరాయిదేశంలో పాత విలువల్ని అంటిపెట్టుకోవడం అని మనం మెచ్చుకునేదాంట్లో ఎంత భాగం నిజంగా పాతదో, ఎంత భాగం లాభం కోసం కొత్తగా తొడుక్కున్నదో విడదీసి చూడకపోతే మనకు చరిత్ర అర్థం కాదు.

కవచం కంచె అయినప్పుడు

1939లో బర్మా శాసనసభ బౌద్ధస్త్రీల ప్రత్యేక వివాహ, వారసత్వ శాసనం చేసింది. బౌద్ధేతరుణ్ణి చేసుకున్నా ఆమె పెళ్ళి పెళ్ళిగా నమోదు కావచ్చు. విడాకుల్లోనూ, ఆస్తిలోనూ ఆమెకు బర్మా బౌద్ధ ధర్మమే వర్తిస్తుంది. స్త్రీ హక్కుల దృష్టితో చూస్తే యిది ముందడుగు. దేశమంతటికీ వర్తించే శాసనం ద్వారా హిందూ స్త్రీకి విడాకుల హక్కు 1955లోనూ, సంపూర్ణమైన వారసత్వ హక్కు 1956లోనూ గాని రాలేదు. తెలుగు ఆడపిల్లకు అవిభక్త కుటుంబపు ఆస్తిలో సమాన భాగం ఆంధ్రప్రదేశ్ సవరణతో 1985 నుంచి గాని లేదు. ఆ సంగతి తెలిస్తే, 1939లో బర్మావాళ్ళ ‘మొరటు’ ఆచారాన్ని చూసి పెదవి విరిచిన మన పెద్దమనుషుల గొప్పతనం ఎంతో తెలుస్తుంది.

అయితే అదే చేత్తో మరొక పని జరిగింది. 1941 భారత-బర్మా వలస ఒప్పందంలో, పర్మిట్ మీద వచ్చిన భారతీయుడు బర్మా స్త్రీని పెళ్ళాడినా, ఆమెతో కాపురం చేసినా పర్మిట్ రద్దు చేయవచ్చునన్న షరతుకు చోటిచ్చారు. హక్కు యివ్వడం వేరు, పెళ్ళినే నేరం చెయ్యడం వేరు. ఆ ఒప్పందం అమలుకు రాకముందే యుద్ధం వచ్చింది. 1941 డిసెంబరు 23న జపాను బాంబులు రంగూను మీద పడ్డాయి. 4 లక్షలకు పైగా భారతీయులు అడవులూ కొండలూ పట్టి నడిచి వచ్చారు. వేలమంది దారిలోనే రాలిపోయారు. 1962లో నెవిన్ సైనిక ప్రభుత్వం వచ్చి, 1964లో దుకాణాలన్నీ జాతీయం చేశాక మరో మూడు లక్షల మంది తిరిగి వచ్చారు. విశాఖపట్నంలోని బర్మా క్యాంపు పేరు అందుకు మిగిలిన గుర్తు. మోన్ రాష్ట్రంలో యీనాటికీ తెలుగు కుటుంబాలున్నాయి.

2015 ఆగస్టులో మయన్మార్‌లో బౌద్ధస్త్రీల ప్రత్యేక వివాహ చట్టం కొత్తరూపంలో వచ్చింది. బౌద్ధస్త్రీ బౌద్ధేతరుణ్ణి చేసుకోదలిస్తే నోటీసు 14 రోజులు బోర్డు మీద వేలాడాలి, అభ్యంతరాలు రావచ్చు. భిక్షువుల నాయకత్వంలోని ముస్లిం వ్యతిరేక ఉద్యమం పట్టుబట్టి చేయించిన నాలుగు చట్టాల్లో యిదొకటి. స్త్రీకి కవచంగా పుట్టిన చట్టం స్త్రీ చుట్టూ కంచె అయింది. మనదేశంలో పెళ్ళి నోటీసు చూసి కర్రలు పట్టుకొని వచ్చేవాళ్ళను ఎరిగిన పాఠకులకు యిది వివరించనక్కర లేదు.

ఆ చరిత్రలో మరొక దారి కూడా వుంది. 1939లో బర్మా కమ్యూనిస్టు పార్టీని నెలకొల్పిన చిన్న బృందంలో బర్మా యువకుల పక్కన బెంగాలీ సంతతివాడైన ఘోషాల్ వున్నాడు. రేవులో కొట్టుకున్న రెండు జాతుల కూలీలను ఒక సంఘంలో కూర్చోబెట్టడం అసాధ్యం కాదని నమ్మినవాళ్ళు వాళ్ళు. వాళ్ళ ప్రయత్నం ఎంతవరకు సాగిందన్నది వేరే వ్యాసం. ఆచారాలు కలవకపోవడం విధి కాదని చెప్పడానికి ఆ ప్రయత్నం చాలు.

ఈనాడు మన పిల్లలు అమెరికాకూ, ఆస్ట్రేలియాకూ, గల్ఫుకూ పోతున్నారు. అక్కడ ‘మన సంస్కృతి’ ప్రమాదంలో పడిందని సభలు జరుగుతున్నాయి. పండుగ చేసుకోవడం, తల్లిభాష బిడ్డకు నేర్పుకోవడం ఎవరూ కాదనరు. కాని సంస్కృతి పేరుతో కూతురి పెళ్ళికి కులం అడిగినప్పుడు, కోడలి జీతానికి లెక్క అడిగినప్పుడు రంగం చరిత్ర గుర్తుకు రావాలి. ఈ విలువ నిజంగా ఎవరిది, ఎప్పటిది? దీనివల్ల ఎవరి ఆస్తి నిలుస్తున్నది? దీనికి ధర ఎవరు చెల్లిస్తున్నారు? ఈ మూడు ప్రశ్నలు వేస్తే చాలా ‘సంప్రదాయాలు’ తలదించుకుంటాయి.

ఉత్తరాంధ్ర కళాశాలల్లోని విద్యార్థులకూ, తోటి అధ్యాపకులకూ నాదొక విన్నపం. రంగం వెళ్ళివచ్చిన యిళ్ళలో ముసలివాళ్ళు యింకా కొద్దిమంది మిగిలారు. వాళ్ళ మాటలు వ్రాసుకోండి. ఎంత కూలి తెచ్చారని మాత్రమే అడిగి వదిలిపెట్టకండి. అక్కడ ఎవరితో కాపురం చేశారో, యిక్కడ ఎవరు ఎన్నేళ్ళు ఎదురుచూశారో, ఆ పిల్లలకు ఏ పేర్లు పెట్టారో అడగండి. ముఖ్యంగా ఆడవాళ్ళను అడగండి. మన సాహిత్యం వాళ్ళకు బాకీ వుంది.